రెండో బారిటోన్ కుర్చీ

ఉదయం కెటిల్ పొయ్యి మీద పెట్టగానే మెరెరిడ్ ప్రాసర్ జేబులోంచి మౌత్‌పీస్ తీసి పెదాలకు ఆనించుకుంటుంది. వాద్యం ఉండదు, ఉత్త మౌత్‌పీస్ మాత్రమే. ఒక్క స్వరం పట్టుకుని ఊపిరి ఉన్నంతసేపూ వదలదు. గోడకు అవతల ఉండే పొరుగావిడ ఆ తుమ్మెద రొదకే నిద్ర లేస్తుంది.

మెరెరిడ్ మా లోయలోని బడి వంటశాలలో పనిచేస్తుంది. వయసు అరవై ఒకటి. ముప్పై ఏళ్ళకు పైగా బారిటోన్ వాయిస్తోంది. పసిబిడ్డను కూర్చోబెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని ఊదే ఇత్తడి వాద్యం అది. పాట చిన్న బూరలైన కార్నెట్లది, గుండె అదిరించే మోత పెద్ద బూరలైన బేస్‌లది. మధ్యలో ఉండే బారిటోన్‌ను ఎవరూ పట్టించుకోరు.

ఊరూరి బ్యాండ్ల నుంచి మనుషులను ఏరి వేల్స్ జాతీయ బ్యాండ్ కడతారు. ప్రతి శరత్తులోనూ అందరూ కమిటీ ముందు మళ్ళీ వాయించి ఎవరి కుర్చీ వాళ్ళు నిలబెట్టుకోవాలి. మెరెరిడ్ పదకొండేళ్ళు మొదటి బారిటోన్ కుర్చీలో కూర్చుంది. ఆమె కుడిపక్క రెండో బారిటోన్ ఇద్వాల్ బేనన్, బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. నేను చివరి కార్నెట్‌ను. నా చోటు సరిగ్గా వాళ్ళకు ఎదురుగా ఉంటుంది కాబట్టి అన్నేళ్ళూ వాళ్ళిద్దరినే చూశాను.

పొడుగాటి స్వరాన్ని ఇద్దరూ కలిసి మోయాలి. ఒకరు ఊపిరి తీసుకుంటుంటే ఇంకొకరు పట్టి ఉంచాలి. వినేవాళ్ళకు అతుకు తెలియకూడదు. ఇద్వాల్ తన ఊపిరికి ముందు ఎడమ మడమ కాస్త ఎత్తేవాడు, మళ్ళీ స్వరంలోకి వచ్చేటప్పుడూ ఎత్తేవాడు. మెరెరిడ్‌కు ఆ గుర్తు చాలు.

నిరుడు నార్వే పోటీకి మూడు వారాల ముందు ఇద్వాల్ తోటలో చిక్కుడు తీగకు పందిరి కడుతూ కూలిపోయి చనిపోయాడు. పోటీ జాబితా అప్పటికే మూసేశారు. మూసిన జాబితాలో పేరు కొట్టేయవచ్చు గాని కొత్త పేరు రాయకూడదు. ఆయన పేరు కొట్టేశారు. అర్ధచంద్రంలా కూర్చునే వరస చెడకూడదని ముందు నిలబడి చేత్తో బ్యాండ్‌ను నడిపించే కండక్టర్ గెథిన్ ఆ కుర్చీని మాత్రం ఉండనిచ్చాడు. స్వరాలు రాసిన కాగితాలు పంచే మనిషి అలవాటు కొద్దీ దాని ముందు స్టాండు పెట్టి ఆయన కాగితాలు కూడా సర్దాడు.

"ఇంకేం, ఓ కప్పు టీ కూడా పోసిపెట్టండి" అన్నాడు మోస్టిన్. ఆయన బేస్ వాయిస్తాడు, ఇద్వాల్‌కు ప్రాణస్నేహితుడు. ఎవరూ నవ్వలేదు. కాగితాలూ తియ్యలేదు.

పోటీ పాట మధ్యలో అందరూ ఆగిపోతారు. బారిటోన్లు పదహారు బార్లు, అంటే పదహారు తాళావర్తాలు, ఒకే కింది స్వరం పట్టి ఉంచితే, దాని మీద ఒక్క కార్నెట్ నెమ్మదిగా నడుస్తుంది. అంతకుముందు చలికాలం మెరెరిడ్‌కు న్యుమోనియా వచ్చి తగ్గింది. ఎడమ ఊపిరితిత్తి అడుగుదాకా ఇక నిండదని డాక్టరు చెప్పిన సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

నార్వేలో ఓడ దిగాక, పోటీకి ముందు ఇచ్చిన మొదటి కచేరీలో ఆ స్వరం తెగింది. రెండో ఊళ్ళోనూ తెగింది. తెగిన చోట మోస్టిన్ బేస్‌తో అతికించి చూశారు. దూలం మధ్యలో ఇనపరేకు కొట్టినట్టుంది. మర్నాడు బస్సులో గెథిన్ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. చిన్నప్పుడు ఆమె వండిపెట్టిన మధ్యాహ్నం అన్నం తిన్నవాడే.

"మెరెరిడ్ ఆంటీ, అక్కడ మళ్ళీ తెగింది."

"ఇద్దరు మోసేది ఒక్కదాన్ని మోస్తున్నాను, నాయనా."

"నాకు తెలుసు. కమిటీకి అక్కర్లేదు. పోటీలో కూడా తెగితే, శరత్తులో మీ కుర్చీ సంగతి అడుగుతారు. నేనేం చెప్పను?"

"నువ్వేం చెబుతావు?"

"అదే మిమ్మల్ని అడుగుతున్నాను."

ఆమె ఒళ్ళో ఉన్న ఎండుద్రాక్ష కేకుల డబ్బా మూత తీసి అతని ముందు పెట్టింది. అతను ఒకటి తీసుకుని, తినకుండానే తన సీటుకు వెళ్ళిపోయాడు.

పోటీ బెర్గెన్‌లో, మధ్యాహ్నం. న్యాయనిర్ణేతలు ముగ్గురూ హాలు నడుమ నల్లగుడ్డ కప్పిన డేరాలో కూర్చుంటారు. ఏ బ్యాండ్ వాయిస్తోందో వాళ్ళు చూడకూడదు. లోపల్నుంచి ఈల ఊదితే మొదలుపెట్టాలి. ఈల వినిపించింది.

పదహారు బార్ల చోటు వచ్చింది. మిగతా కార్నెట్లం వాద్యాలు దించాం. నేను మెరెరిడ్‌నే చూస్తున్నాను. ఎనిమిదో బార్‌కు ఆమె మెడ నరాలు తేలాయి. పదో బార్‌లో పెదాలు మౌత్‌పీస్‌ను వదిలేశాయి. ఆమె నోరు తెరిచి, నీళ్ళలోంచి పైకి వచ్చినదానిలా గాలి మింగింది.

స్వరం ఆగలేదు.

అదే శ్రుతిలో, మరికాస్త మందంగా, ఆమె కుడిపక్క నుంచి వస్తూనే ఉంది. గెథిన్ చూపు ఖాళీ కుర్చీ మీదికి పోయి వెంటనే వెనక్కు వచ్చింది. చెయ్యి మాత్రం తాళం తప్పలేదు. మెరెరిడ్ పక్కకు తిరగలేదు. పెదాలు ఆనించి, మోగుతున్న ఆ స్వరంలోకే జారింది.

వాయించేటప్పుడు గొట్టాల్లో చేరే తడిని మీట నొక్కి నేల మీదికే వదులుతాం. బ్యాండ్ లేచాక ప్రతి కుర్చీ కిందా చిన్న మడుగు మిగులుతుంది. హాలు మనిషి తుడుపుకర్రతో వరసన తుడుచుకుంటూ వచ్చాడు. మెరెరిడ్ కుర్చీ కింద తుడిచాడు. దాని కుడిపక్క కుర్చీ కింద కూడా తుడిచి ముందుకు సాగాడు. అతనికి అది వింతేమీ కాదు.

మాకు మూడో స్థానం వచ్చింది. న్యాయనిర్ణేతలు రాసిచ్చిన కాగితాలు బస్సులో పైకి చదవడం మాలో ఆనవాయితీ. గెథిన్ రెండు కాగితాలు హుషారుగా చదివాడు. మూడోది సగంలో అతని గొంతు తగ్గింది.

"దీర్ఘస్వరం ఎక్కడా తెగలేదు. ఇద్దరి అవగాహన చక్కగా ఉంది. రెండో బారిటోన్ నాదం మొదటిదానికన్నా నిండుగా వినిపించింది."



"ఆ కాగితం దాచెయ్యవయ్యా" అన్నాడు మోస్టిన్. "కొట్టేసిన పేరును వాయించనిచ్చారని బహుమతి లాగేసుకుంటారు."

వెనక ఎవరో నవ్వబోయి ఊరుకున్నారు.

"నేను మధ్యలో ఊపిరి తీసుకున్నాను" అంది మెరెరిడ్.

"ఎవరూ వినలేదు కదా" అన్నాడు గెథిన్.

"పదో బార్‌లో. నోరు పూర్తిగా తీసేశాను."

"ఆంటీ, మూడో స్థానం వచ్చింది. కమిటీ ఇంకేమీ అడగదు. మీ కుర్చీ మీదే. వదిలేయండి."

ఆమె కిటికీ వైపు తిరిగింది. నాకూ మోస్టిన్‌కూ మాత్రమే వినపడేలా అంది: "చూడకూడదనే అనుకున్నాను. కంటి చివర ఆయన మడమ లేచింది."

మోస్టిన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఊరు చేరేదాకా తిరిగి పెట్టుకోలేదు.

సెప్టెంబరులో ఒకరోజు బడి వంటశాలకు వెళితే ఆమె క్యారెట్లు తరుగుతోంది. ఊపిరితిత్తి సంగతి అప్పుడే నాకు చెప్పింది.

"నేను అక్కడ కూర్చుని ఊపిరి చాలక ఆగినప్పుడల్లా ఆయన రావాల్సి వస్తుందే, అమ్మాయ్. పదకొండేళ్ళు మోశాడు. చాలదా?"

"మళ్ళీ వస్తాడనా, ఆంటీ?"

"కుర్చీ ఖాళీగా ఉంటే వస్తాడు. ఆయన సంగతి నాకు తెలుసు. పని మిగిల్చి వెళ్ళే మనిషి కాదు."

శరత్తులో కమిటీ ముందుకు వెళ్ళి, వాద్యం పెట్టెలోంచి తీయకముందే డాక్టరు కాగితం బల్ల మీద పెట్టింది. రెండో కుర్చీ కావాలని అడిగింది.

"మొదటిది ఇస్తామంటుంటే రెండోదేమిటి?" అన్నాడు గెథిన్. "దాంట్లో ఒంటరిగా వాయించేది ఒక్క బార్ కూడా ఉండదు."

"లేకపోతేనేం."

"ఈ కాగితం చూపించకపోయినా సరిపోయేది కదా."

"నువ్వూ ఆ కుర్చీ వైపు చూశావు, గెథిన్."

అతను కాగితం మడిచి ఆమెకు తిరిగి ఇచ్చేశాడు. జాబితాలో రెండో కుర్చీకి ఎదురుగా ఆమె పేరు రాశారు.

మొదటి కుర్చీ ఎలైన్‌కు వచ్చింది. పక్క లోయలో నర్సు, ఇరవై నాలుగేళ్ళు, బాగా ఈదుతుంది, ఊపిరికి లోటు లేదు. మెరెరిడ్‌కు కారు లేదు. రిహార్సల్ ఉన్న ఆదివారాలు ఎలైనే వచ్చి ఎక్కించుకుని వెళుతుంది.