కువైట్‌లో పోయిన నా బిడ్డ కెమెరా

ప్రభువు రక్తంతో కొనబడిన సహోదరులారా, సహోదరీలారా, నేను వేంపల్లె దగ్గర పల్లెదాన్ని, పేరు సంతోషమ్మ, ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, తప్పులుంటే సర్దుకొని చదవండి. ఊరికే మాట్లాడే అలవాటు నాకు లేదు, అయినా చావు అంచున నిలబడిన నన్ను దేవుడు ఎట్లా వెనక్కి లాగినాడో దాచిపెట్టుకుంటే ఆయన ముందర నేనే జవాబు చెప్పుకోవాల.

నా చిన్నకూతురు రూతు వేంపల్లెలో ఒక స్టూడియోలో పనిచేసేది, పెండ్లిండ్లకు ఫొటోలు తీసేది, జీతంలో మిగిలించుకొని చేతిలో ఇమిడే చిన్న కెమెరా కొనుక్కున్నది. ఇరవై ఏండ్లకే విషజ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయింది. మా సంఘాల్లో పెట్టె మూసే ముందు ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి ఫొటో తీయించుకుంటారు కదా, స్టూడియో ఆయనను పిలుస్తామని నా కొడుకు అంటే, ఇంట్లో కెమెరా పెట్టుకొని బయటి మనిషికి డబ్బులెందుకని నేనే రూతు కెమెరా తీసుకొని రూతు ముఖాన్ని దగ్గరగా తీసినాను. కంట్లో చుక్క నీరు రాలేదు. గట్టి మనిషి అని అందరూ అన్నారు, నేనూ అట్లే అనుకున్నాను.

తరువాత కువైట్‌కు ఇంటిపనికి పోతూ ఆ కెమెరా వెంట తీసుకుపోయినాను. దాంట్లో నూటపన్నెండు ఫొటోలుండేవి, మేకలు, పెండ్లికూతుళ్లు, మా వాకిట్లో ఆరబోసిన మిరపకాయలు. తీసేది రూతే కాబట్టి ఏ ఫొటోలోనూ రూతు లేదు, నేను తీసిన ఆ కడపటి దాంట్లో తప్ప!

ఆ దేశంలో మధ్యాహ్నం ఎండకు ఇల్లంతా తెరలు దించి నిద్రపోతుంది, గదులు చల్లబరిచే చలిమిషను గుర్రుమనే చప్పుడు తప్ప ఏమీ వినపడదు. ఆ వేళ బైబిలు తెరవాల్సినదాన్ని నేను కెమెరా తెరిచేదాన్ని. ముక్కుల్లో దూది, గడ్డానికి కట్టిన తెల్లగుడ్డ, ఆ ముఖంతో ఈ పొద్దు ఏం వండినామో, ఇంటామె ఏం తిట్టిందో అన్నీ చెప్పుకునేదాన్ని. అట్లా కొన్ని నెలలు పోయేసరికి, సహోదరులారా, బతికున్న రూతు ముఖం నాకు గుర్తురాకుండా పోయింది! ఎంత గట్టిగా కండ్లు మూసుకున్నా ఆ దూది ముఖమే వచ్చేది.

ఒక మధ్యాహ్నం చూస్తే నూటపదమూడు ఫొటోలున్నాయి. కడపటిది నాది. నేను చాప మీద వెల్లకిలా, రెండు చేతులు ఎద మీద పెట్టుకొని, పెట్టెలో రూతు పండుకున్నట్టే పండుకొని ఉన్నాను. గది గడియ లోపల నేనే వేసుకుంటాను. ఇంటామె పిల్లలు ఆ ఎండాకాలం వేరే దేశం పోయినారు. కెమెరా మూసి దిండు కింద దూర్చేసినాను.

మూడోరోజు దిండు కింద పెట్టిన కెమెరా లేదు! యాడ వెతికినా లేదు. అది పోయింది కానీ దాని చప్పుడు పోలేదు. ఇస్త్రీ చేస్తాంటే వెనక టిక్కుమనేది, తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. అద్దాలు తుడుస్తాంటే అద్దంలో తెల్లగా మెరిసేది. బట్టలారేసే మిద్దె మీదికి పోతే, ఇంకొంచెం ఇట్లా జరుగు, ఇంకొంచెం, అని ఎవరో నన్ను ఫొటోకు నిలబెడుతున్నట్టు పిట్టగోడ వైపు కాళ్లు పోయేవి. ఒకనాడు గోడ మీద కాలు కూడా పెట్టినాను. తడి దుప్పటి గాలికి ఎగిరి వచ్చి ముఖానికి కొట్టింది, తెలివి వచ్చింది. ఆ దుప్పటి విసిరింది నా దేవుడే!

అయినా నేను మోకరించలేదు, ఆ భయాన్ని కోపం చేసుకొని అదే ఇంట్లో వంటపని చేసే ఖాజాబీ మీద పడినాను. ఆమెది కడప, బిడ్డల్ని ఊర్లో విడిచిపెట్టి వచ్చింది.

"ఏమక్కా, నా ఫోనుకే ముందొకటి, వెనకొకటి ఉండాయి. నీ పాతడబ్బా నేనేం చేసుకోవాల?"

"ఈడ ఉండేది మనిద్దరమే. నువ్వు కాకపోతే ఇంకెవరు?"

అంతటితో ఊరుకోలేదు, ఇంటామె ముందర బైబిలు మీద చేయిపెట్టి, ఈమె నా గదిలోనుంచి వచ్చేది కండ్లారా చూసినానని చెప్పినాను. చూడలేదు! ఆదివారం ఖాజాబీని ఊరికి పంపించేస్తామని ఇంటామె తేల్చి చెప్పింది.

శుక్రవారం మన తెలుగువాళ్ల ప్రార్థన కూటానికి పోయినాను. ప్రభువా, నా బిడ్డ కెమెరా నాకు దొరికించు అని అడగాలని మోకరిస్తే నా నోట వేరే మాట వచ్చింది. "ప్రభువా, నీ గ్రంథం మీద అబద్ధమాడినాను, ఒక తల్లి బిడ్డల నోటికాడ కూడు తీసినాను, నా బిడ్డ నాకు ఇంక లేదు, లేదు, నన్ను క్షమించు" అన్నాను.

నేరుగా ఇంటికి వచ్చి ఇంటామెకు నిజం చెప్పినాను. ఆమె నన్ను నానా మాటలు అని, ఖాజాబీని ఉంచుకొనింది. ఖాజాబీ కూరకు ఎర్రగడ్డలు కోస్తాంటే పోయి ఎదురుగా నిలబడి, తప్పయిపోయింది అన్నాను. ఆమె నా ముఖం చూసి, "ఏడుపు కూడా దాచిపెట్టుకుంటాండావా అక్కా? ఎవరికని? ఏడ్చు పో" అనింది.

అప్పుడు ఏడ్చినాను. వంటింట్లో నేల మీద కూలబడి, పెట్టె దగ్గర రాని ఏడుపంతా ఏడ్చినాను. ఆ ఏడుపులో రూతు కనపడింది! ఒక కన్ను మూసి, నాలుక కొస పెదవి మూలన పెట్టి, కెమెరా పట్టుకొని, "అమ్మా, కదలద్దు, రవ్వంత నవ్వు" అంటాంది. ఒక్క ఫొటోలోనూ లేని ఆ ముఖాన్ని చూసింది దాని ఎదురుగా నిలబడినవాళ్లమే కదా! నేను ఎన్నిసార్లు నిలబడినాను, ఎన్నిసార్లు కసిరినాను!

ఆ దినం నుంచి టిక్కుమనే చప్పుడు లేదు, అద్దంలో మెరుపు లేదు, దేవునికే మహిమ! కెమెరా ఇంతవరకు దొరకలేదు. నా ఫొటో ఎవరు తీసినారంటే, అది సాతాను పని అని మా సంఘం అయ్యగారు అంటారు. నాకు తెలియదు. చూడనిదాన్ని చూసినానని ఇంకొకసారి చెప్పను.

మీలో ఎవరికైనా బతుకు మీద విసుగుపుట్టి చావు తీయగా పిలుస్తాంటే, ఒంటిగా కూర్చోవద్దు. గడియ తీసి బయటికి రండి, మీ ఊరి మందిరానికి పోయి ఆయన పాదాల దగ్గర గొంతెత్తి ఏడ్చండి. ఆయన వింటాడు, నా దగ్గర విన్నాడు. పక్కన ఎవరూ లేరంటే నాకు కబురు చేయండి, వచ్చి మీ ఏడుపు అయిపోయేదాకా కూర్చుంటాను. ఆమేన్.