ముందే బయల్దేరిన పాప

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను ఆటపట్టించడం నాకు భలే సరదా. హైదరాబాద్‌లో మైత్రీవనం దగ్గర ఒక కోచింగ్ సెంటర్‌లో డేటాబేస్ పాఠాలు చెప్తాను. హాస్టల్ గదిలో రాత్రిళ్ళు ఎవరో నడుస్తున్నారని పిల్లలు చెబితే, అద్దెలో వాటా అడగండి అనేదాన్ని. అలాంటిదాన్ని ఇప్పుడు ఇది రాయడానికి కూర్చున్నానంటే నాకే ఇబ్బందిగా ఉంది.

మా పాపకు అప్పటికి రెండేళ్ళు నిండలేదు. దానికి సముద్రం చూపించాలని అండమాన్ ప్రయాణం అనుకున్నాం. పంజాగుట్టలో ఒక ట్రావెల్స్ ఆఫీసుకు వెళ్తే, అక్కడి అతను రోజుకో దీవి చొప్పున తిప్పేస్తానన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నిద్రకో పప్పన్నానికో వేళ తప్పితే మా పాప ఇల్లు పీకి పందిరేస్తుంది. అందుకే ప్లాన్ నేనే వేశాను. ఒకే దీవి, ఒకే కాటేజీ. పొద్దున ఇసుకలో ఆట, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం నీళ్ళు వెనక్కి తగ్గాక రాళ్ళ సందుల్లో పీతల్ని చూడటం. అడవిలో పిట్టల కోసం ఒక పూట. తాబేళ్ళు కనిపిస్తే మా అదృష్టం.

మా ఆయన అన్నిటికీ సరేనన్నాడు. ఆయనెప్పుడూ అంతే. చిక్కంతా మాతోనే ఉండే అత్తయ్యగారితో వచ్చింది. ఆవిడ కాకినాడ మనిషి, పంచాంగం చూడందే ఊరు దాటరు. విమానం ఎక్కే రోజు మంచిది కాదన్నారు. టికెట్లు మార్చడం కుదరదన్నాను. అయితే ముందుగా ప్రస్థానం పెట్టమన్నారు. అంటే మంచి ఘడియ చూసుకుని, సామాను కొంత తీసుకెళ్ళి తెలిసినవాళ్ళింట్లో ఉంచడం. దాంతో ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. ఆ తర్వాత ఏ రోజు బయల్దేరినా దోషం ఉండదట.

గొడవెందుకని ఒప్పుకున్నాను. మా సూట్‌కేసులు ఇంకా సర్దలేదు. పాప సంచి ఒక్కటే సిద్ధంగా ఉంది. నూలు గౌన్లు, ఎండ టోపీ, కొత్త చెప్పులు, ఇసుకలో ఆడటానికి చిన్న బకెట్. ఆ సంచినే తీసుకెళ్ళి కింది వాటాలో పద్మగారింట్లో పెట్టాను. సిరిసిల్ల నుంచి వచ్చిన ఆవిడ ముందుగదిలో మిషను మీద జాకెట్లు కుడతారు. ఆ మిషను పక్కన గోడకు సంచి ఆనించి వచ్చేశాను.

ఆ సాయంత్రమే పాపకు జ్వరం వచ్చింది. డాక్టరు చూసి వైరల్ అన్నారు, మందు రాశారు. జ్వరం అంత ఎక్కువేం లేదు కానీ పాప తీరు చూస్తే నాకు భయమేసింది. పిలిస్తే పలకదు. ఎత్తుకుంటే మెడ చుట్టూ చేతులు వెయ్యదు. కళ్ళు తెరిచినా మమ్మల్ని దాటి ఎటో చూసేది. మర్నాడూ అంతే. నా పిల్ల నా చేతుల్లోనే ఉండి నాకు దక్కకుండా పోతోందనిపించి బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను.

ఆ మరుసటి మధ్యాహ్నం పాప నా ఒళ్ళో పడుకుని ఉండగా పద్మగారు ఫోన్ చేశారు.

"పాప గీడ్నే ఉన్నది అక్కా, ఫికర్ చెయ్యకు. బ్యాగు పక్కన కూసొని మంచిగ ఆడుకుంటున్నది."

పాప నా దగ్గరే ఉందని చెప్పాను. పాపను మా ఆయనకు అందించి కిందికి దిగాను. పద్మగారు గది మధ్యలో నిలబడి ఉన్నారు. వెనక నుంచే చూశానని, తెల్ల గౌను, నెత్తిన చిన్న పిలక మా పాపదేనని అన్నారు. ఫోన్ పెట్టేసి తిరిగి చూస్తే లేదట. వీధి తలుపు గడియ వేసే ఉంది. సంచి జిప్పు వేసినట్టే ఉంది. దాని ముందు నేల మీద కాస్త ఇసుక కనిపించింది. పక్కనే అపార్ట్‌మెంట్ కడుతున్నారు కాబట్టి దాన్ని నేను పట్టించుకోలేదు.

పైకొచ్చి చెబితే అత్తయ్యగారు ఒకే ప్రశ్న వేశారు. ప్రస్థానంలో ఎవరెవరి బట్టలు పెట్టావని. పాపవి మాత్రమేనన్నాను. ఆవిడ మొహం పాలిపోయింది.

"పిల్లదాన్ని ఒక్కదాన్నే పంపించేశావా అమ్మా? వెళ్ళేవాళ్ళందరివీ పెట్టాలి కదా. వెళ్ళి పిలుచుకురా. తల్లి పిలిస్తే వస్తుంది."

మామూలు రోజైతే ఆ మాటకు వారం రోజులు నవ్వుకునేదాన్ని. ఆ రోజు వెంటనే కిందికి దిగాను. పద్మగారు తలుపు తీసి, తను బయట నిలబడ్డారు. ఖాళీ గదిలో, కుట్టుమిషను పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. సిగ్గేసింది, అయినా పిలిచాను.

"రా తల్లీ. ఇవాళ వెళ్ళట్లేదు. అందరం కలిసే వెళ్దాం."

సంచి ఎడమ భుజానికి తగిలించుకుని మెట్లెక్కాను. పైనుంచి చూస్తున్న అత్తయ్యగారు, అంత నెమ్మదిగా, మెట్టు మెట్టుకూ ఆగి ఎందుకెక్కావని తర్వాత అడిగారు. సంచి బరువుగా ఉందన్నాను.

నేను గుమ్మం దాటేసరికి మా ఆయన ఒళ్ళో పాప కళ్ళు తెరిచింది. నన్నే చూసింది. "అమ్మా, నీళ్ళు" అంది. అప్పటికి మందు పనిచేసి ఉండొచ్చు. పద్మగారు పొద్దుట్నుంచి మిషను మీద వంగి కుట్టీ కుట్టీ భ్రమపడి ఉండొచ్చు. నా విద్యార్థులెవరైనా ఈ కథ చెబితే నేనూ ఇలాంటి సమాధానాలే చెప్తాను.

టికెట్లు రద్దు చేశాం. ఈ చలికాలం మళ్ళీ వెళ్దామని మా ఆయన అంటున్నాడు. నేనింకా ఏమీ చెప్పలేదు. ఆయనకు చెప్పనిది ఇంకొకటి కూడా ఉంది.

ఆ గదిలో నేను లేచి నిలబడగానే నా కుడిచేతి చూపుడువేలిని ఏదో పట్టుకుంది. చల్లగా, తడిగా, చిన్నగా ఉంది. పాప ఇంకా ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి గానీ పైమెట్టు ఎక్కలేదు. అందుకే మెట్టు మెట్టుకూ ఆగాను. మా గుమ్మం దగ్గర అది నా వేలు వదిలేసింది.

అదేమిటో ఇప్పటికీ నాకు తెలియదు. చెయ్యి విదిలించుకోవాలని మాత్రం నాకు ఒక్కసారీ అనిపించలేదు.