పేలలేదు, కుంగింది

మా పక్కింటాయన ఆమధ్య ఒక మంగళవారం ఉదయం టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మంచం మీద వాలారు. మళ్లీ లేవలేదు. గుజరాత్‌లోని మా ఊళ్లో, పాండేసర పేటలో ఒక రంగుల మిల్లులో చాలా ఏళ్లు బాయిలర్ చూసిన మనిషి. నేను ఈ ఊళ్లోనే తెలుగు బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మాటలకు అర్థాలు చెప్పడం నా వృత్తి. ‘కుంగడం’ అన్న మాటకు అర్థం మాత్రం ఆయన దగ్గర నేర్చుకున్నాను.

ఒకసారి వాళ్ల మిల్లులో వేడినీళ్ల ట్యాంకును ఆవిరితో కడిగారు. కాసేపటికి అది పెద్ద చప్పుడుతో పాడైపోయింది. అదృష్టం, దగ్గర ఎవరూ లేరు. ఆపరేటర్ ఆవిరి ఎక్కువ వదిలాడు, ట్యాంకు పేలింది అన్నారు. అతణ్ణి పనిలోంచి తీసేసే మాట కూడా అయింది. ఆ ఆదివారం పక్కింటాయన అతణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. జరిగింది ఆయన చెప్పాలి, నేను మిల్లు యజమానికి గుజరాతీలో అర్జీ రాయాలి. ముందు తెలుగులో చిత్తు రాయడం నా అలవాటు. ‘ట్యాంకు పేలింది’ అని మొదలుపెట్టాను.

“కొట్టెయ్యి టీచరమ్మా. పేలలే. లోపలికి కుంగింది,” అన్నారు పక్కింటాయన.

“అంత చప్పుడైతే పేలినట్టు కాదా?” అన్నాను. నా వాక్యాన్ని ఒకరు దిద్దడం నాకు అలవాటు లేదు.

ఆయన మా వంటింట్లోంచి ఖాళీ నూనె డబ్బా తెచ్చారు. గ్లాసెడు నీళ్లు పోసి పొయ్యి మీద మరిగించారు. మూతిలోంచి ఆవిరి బుసబుస వస్తుంటే దించి, మూత బిగించి, పైన చన్నీళ్లు గుమ్మరించారు. డబ్బా ఠప్పుమని మూలిగి, నా కళ్లముందే నడుము విరిగినట్టు ముడుచుకుపోయింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

“ఎవలన్న ముట్టిన్రా? లోపలి ఆవిరి సల్లబడి నీళ్లయింది, ఖాళీ అయింది. మన సుట్టున్న గాలే నలిపింది. పేలితే రేకు బయటికి విచ్చుకుంటది, కుంగితే లోపలికి మడుసుకుంటది. రేకు అబద్ధమాడది.”

పొద్దు కుంగింది అంటాం, గోడ కుంగింది అంటాం, దిగులుతో మనిషి కుంగాడు అంటాం. ఇన్నిసార్లు వాడిన మాటకు ఇంత బలం ఉందని నాకు అంతవరకు తెలియదు. బయట ఏ దెబ్బా అక్కర్లేదు. లోపల ఖాళీ అయితే చాలు.

“మరి ట్యాంకు లోపలికి గాలి ఎందుకు వెళ్లలేదు?” అని అడిగాను.

ఆపరేటర్ తల దించుకున్నాడు. “రాయకు టీచరమ్మా,” అన్నాడు.

“ట్యాంకు సల్లారేదాక గాలి వాల్ తెరిచి ఉంచాలె. జల్దీల నేనే మూసిన. గదే రాయి,” అన్నారు పక్కింటాయన.

“అన్నా, నీ నౌకరి పోతది!”

“పోతే పోనీరా. మీ వదిన పప్పుచారు రెండు పూటలా ఇంట్లనే తింట. నీకు ముగ్గురు పిల్లలు, గా పప్పుచారు కూడ లేదు.”

రాశాను. ఆపరేటర్ పని నిలిచింది, ఈయన పని పోయింది. తర్వాత ఊరి చివర ఉన్ అనే చోట ఒక గోదాము గేటు దగ్గర కాపలా కూర్చునేవారు. ఈ మనిషి కుంగిపోతాడేమోనని నెలల తరబడి గమనించాను. ఒక్క సొట్ట కూడా కనపడలేదు.

కాకపోతే ఒక అలవాటు మిగిలింది. ఎవరింట్లోనైనా వేడి గిన్నెకు మూత బిగించి ఉంటే వెళ్లి వేలెడు పక్కకు జరిపేవారు. “అది అన్నం గిన్నె, ట్యాంకు కాదు,” అని వాళ్లావిడ ఎగతాళి చేసేది. “గాలి ఆడనియ్యవే,” అనేవారు.

మావారు పోయినప్పుడు నేను ఏడవలేదు. టీచరమ్మ గట్టిది అన్నారు అందరూ. పక్కింటాయన ఒక్కరే ఎదురుగా కూర్చుని, “జర మూత తియ్యి టీచరమ్మా, సల్లారేలోపల,” అన్నారు. అప్పుడు ఏడ్చాను.

ఇప్పుడు పక్కింటాయన పదకొండో రోజు భోజనాలకు వంట ఆ ఇంటి వాకిట్లోనే జరిగింది. ఆపరేటర్ జుట్టు ఇప్పుడు పూర్తిగా నెరిసింది. వడ్డన దగ్గర నిలబడి అందరికీ విస్తళ్లు అందిస్తున్నాడు. వంటవాళ్లు అన్నం గంజు దించి పెద్ద మూత బిగించి వెళ్లారు. అతను చూశాడు. చేతిలోని విస్తళ్లు కింద పెట్టి వెళ్లి, ఆ మూతను వేలెడు పక్కకు జరిపాడు.

ఆ సందులోంచి ఆవిరి తెల్లగా, తీరిగ్గా పైకి లేచింది.