పాదిరిగారింటి గుమ్మం

ఇంగ్లండులోని ససెక్స్‌లో ఆ పాత పాదిరిగారిల్లు కొన్నప్పటి నుంచి క్లెమెంట్ అట్‌వాటర్ వంగే నడుస్తాడు. వంటింటి గుమ్మం అతని చెవుల ఎత్తుకే వస్తుంది. చుట్టాలొస్తే నుదుటి మీది బొప్పి చూపించి, "ఐదు వందల ఏళ్లుగా పాదిరులంతా ఇక్కడ దేవుడికి తల వంచారు," అంటాడు. ఇంట్లో ఒక్క మేకు కూడా మార్చనివ్వడు. భార్య హెస్టర్‌కి మాత్రం మెడ పట్టేసింది. గుమ్మం సంగతి చూడకపోతే చెల్లెలింటికి వెళ్లిపోతానని చెప్పేసింది.

నిన్న ఆమె గుమ్మం దాటుతుంటే పుచ్చిన చెక్కలు విరిగి కాళ్లు కిందికి దిగబడ్డాయి. మూరెడు లోతున అరిగిపోయిన రాతి నేల తగిలింది. తర్వాతెవరో పాదిరి చలికి ఓర్వలేక దాని మీద చెక్క పరిపించాడన్నమాట. ఆ రాతి నేల నుంచి చూస్తే గుమ్మం మనిషెత్తు పైనే ఉంది; నిలబెట్టిన వడ్రంగి కొలత తప్పలేదు.

"చూశావా, నీ పాదిరులు నిటారుగానే నడిచారు," అంది హెస్టర్.

"ఈ మాట బయట అనకు. చెక్కలు మళ్లీ కొట్టేస్తాను."

"కొట్టుకో. ముందు నన్ను పైకి రప్పించు చూద్దాం."

ఆమె చెయ్యి చాచి టీ కప్పు అందుకుని, ఆ రాతి మీద నిటారుగా నిలబడి తీరిగ్గా తాగింది. క్లెమెంట్ సుత్తి పట్టుకుని, మెడ వంచుకుని, ఆమె ఎప్పుడు ఎక్కుతుందా అని చూస్తూ నిలబడ్డాడు.