కోటగిరి చెరువులో కొర్రమట్ట

దస్తీ వేసి బస్సులో సీటు పట్టే పద్ధతి మీద నాకో ఫిర్యాదు ఉంది. అందరి దస్తీలూ సీట్లను కాపాడతాయి. నా దస్తీ మీద మాత్రం మనుషులు కూర్చుంటారు. ఆ మే నెల ఆదివారం ఉదయం ఆరింటికి, నిజామాబాద్ బస్టాండులోనూ అదే జరిగింది. వెదురు గాలం ఒక చేత్తో, మూతకు చిల్లులు పెట్టిన డబ్బా ఒక చేత్తో పట్టుకుని నిలబడ్డాను.

"గా డబ్బల ఏందన్నా, ఎగురుతున్నది?" అన్నాడు నా దస్తీ మీది పెద్దమనిషి.

"కప్పలు."

ఆయన లేచి వెనక్కి వెళ్లిపోయాడు. బోధన్ దాకా హాయిగా కూర్చున్నాను.

కప్పలు కొర్రమట్టకు, అదే కొరమీనుకు, ఎర. చిన్నప్పటి నుంచి గాలం వేస్తున్న నన్ను, కోటగిరి దగ్గరి ఒక చెరువు తూము పక్కన ఉండే కొర్రమట్ట రెండేళ్లుగా లెక్కచేయడం లేదు. రెండుసార్లు దారం తెంపుకుపోయింది. బుధవారం ఆ చెరువుకు వల వేస్తారని తెలిసింది. ఈలోగా అది నాకు పడాలి. ఇంట్లో మసాలా నూరమని చెప్పే బయల్దేరాను. కాస్త ముందస్తే.

బోధన్‌లో గడియారాలు బాగుచేసే ఖాజా కాలేజీ నాటి నుంచీ నా గాలపు జోడీ. బస్టాండు దగ్గర చాయ్, బిస్కెట్లు అయ్యాక ఇద్దరం కోటగిరి బస్సెక్కాం. రోడ్డంతా ఆక్రమించే చెరుకు బళ్ల కాలం దాటింది కనుక బస్సు రోడ్డు మీదే నడిచింది. తొమ్మిదింటికి చెరువు కట్ట మీదున్నాం. వెళ్లదలచినవారు గొడుగు పట్టుకెళ్లాలి. అక్కడ నీడ లేదు.

మధ్యాహ్నానికి ఒక్క కప్ప మిగిలింది.

"లెవ్వు భాయ్. చేప సంగతేమో గాని మనమే వేగిపోతున్నం," అన్నాడు ఖాజా.

"కప్ప ఉంది కదా," అన్నాను.

ఆ కప్పతోనే పడింది. ఈసారి దారం ఆగింది. మోచేతి పొడవు కొర్రమట్టను గట్టు మీదికి లాగి నేను నవ్వుతుంటే ఖాజా నవ్వలేదు.

"అటు సూడు భాయ్."

చేప లేచిన చోట, నీటి మీద కారప్పొడి ఒలికినట్టు ఎర్రగా ఉంది. ఆ ఎరుపు కదులుతోంది. పిల్లలు.

పిల్లలకు కాపలా ఉన్న కొర్రమట్టను ఇంటికి తీసుకుపోకూడదని మా గాలపోళ్ల కట్టుబాటు. అప్పుడది ఆకలితో కాదు, కోపంతో కరుస్తుంది. అట్లా పట్టింది మా లెక్కలో పట్టినట్టే కాదు. దీని గురించి ఊరందరికీ ఉపన్యాసాలిచ్చిందీ నేనే.

"నేనెవలకు చెప్ప," అన్నాడు ఖాజా, ఎటో చూస్తూ.

"నాకు తెలుసు కదరా," అన్నాను. గాలం ముల్లు మెల్లగా తీసి, దాన్ని నీళ్లలోకి వదిలాను. రెండేళ్ల పట్టుదల ఒక్క తోక విసురుతో లోపలికి వెళ్లిపోయింది.

సాయంత్రం నాలుగింటి బస్సులో నాకు ఓడినట్టు అనిపించలేదు. గెలిచినట్టే ఉంది, కూర మాత్రం లేదు. ముందు సీట్లో ఖాళీ చేపల గంప ఒళ్లో పెట్టుకున్న అవ్వ నా గాలం చూసి అడిగింది:

"ఏం బిడ్డా, ఏమన్న పడ్డయా?"

చెప్పాను. కొంచెం విపులంగానే చెప్పాను. అవ్వ అంతా విని తలూపింది.

"మంచిగ చేసినవ్ బిడ్డా. బుధవారం మావోళ్లు పట్టి నా గంపల ఏస్తరు. ఒచ్చి కొనుక్కపో."