దొరబాబు క్లచ్ మార్చిన వైనం

దొరబాబుకు రాని విద్య లేదు. ఈ మాట ఊరివాళ్ళు అన్నది కాదు, దొరబాబే అన్నాడు. పంపుసెట్టు మొరాయించినా, రేడియో గొంతు పోయినా, పక్కింటి గేదె మేత మానేసినా పిలవకుండానే వెళ్ళి చెయ్యి పెట్టేవాడు. ఆ తరవాత వాటిని బాగుచేయడానికి వచ్చినవాళ్ళు ఇంకాస్త ఎక్కువ కష్టపడాల్సి వచ్చేది, అంతే. మనిషి మాత్రం వెన్న. ఎవరినీ పల్లెత్తు మాట అనడు.

కడియం పక్క ఊళ్ళో అతనికో నర్సరీ ఉంది, ఓ ముసలి లారీ ఉంది, లోవమ్మ ఉంది. బోర్డు మీద పేరు దొరబాబుదే గానీ మొక్కలకు అంటు కట్టేది అతని భార్య లోవమ్మ. తొంభై తొమ్మిది తొలకరికి మొట్టమొదటిసారి ఆమె పేరు మీద ఆర్డరు వచ్చింది. అనకాపల్లి దగ్గర కొత్తగా కట్టిన కాలేజీలో తోట పని చూసే సత్యప్రసాద్ గారు ఆమె కట్టిన మామిడి అంట్లు చూసి ముచ్చటపడ్డారు. లారీ నిండా పంపమన్నారు. గురువారం సాయంత్రానికి రావాలి, రాకపోతే ఇంకో నర్సరీ చూసుకుంటామని కూడా గట్టిగానే చెప్పారు. రెండేళ్ళు చంటిబిడ్డల్లా సాకిన అంట్లవి. ఆర్డరు వచ్చిన రోజు నుంచీ లోవమ్మకు అన్నం సయించడం లేదు.

సరిగ్గా ఆ వారమే లారీ క్లచ్ అరిగిపోయింది. ఇంజను గొంతు చించుకుంటుంది, బండి మాత్రం నత్తనడక నడుస్తుంది.

"వేమగిరి సెంటర్లో మెకానిక్కు అబ్రహామున్నాడు కదండీ, పిలుద్దామండీ," అంది లోవమ్మ.

"వాడెందుకే? వాడు క్లచ్ మార్చినప్పుడల్లా పక్కనే నిలబడి చూశాను. వాడికి తెలిసిందంతా నాకూ తెలుసు. నాకు తెలిసిందే వాడికి తెలీదు."

"పోనీ ఈ ఒక్కసారికీ అద్దె లారీ..."

"సొంత బండి వాకిట్లో పెట్టుకుని అద్దె బండేంటి లోవా! ఊళ్ళో తలెత్తుకు తిరగొద్దూ?"

బుధవారం రాజమండ్రి వెళ్ళి కొత్త క్లచ్ ప్లేటు తెచ్చాడు. నర్సరీలో పనిచేసే ఇద్దరు మనుషుల్ని సాయం పెట్టుకుని, జాకీలూ గొలుసులూ కట్టి, గేర్‌బాక్సు కిందికి దింపాడు. ఇంతవరకూ పని చక్కగానే జరిగిందని ఒప్పుకోవాలి.

కొత్త వస్తువు బండెక్కే ముందు బొట్టు పెట్టకపోతే ఎలా? ప్లేటును పీట మీద పెట్టారు. అన్నం తినే పళ్ళెమంత గుండ్రటి ఇనుప వస్తువది. ఒకవైపు చదునుగా ఉంటుంది, రెండోవైపు మధ్యలో స్ప్రింగులు పువ్వు రేకుల్లా పైకి తేలి ఉంటాయి. పువ్వులా ఉన్న వైపే ముఖమని లోవమ్మ అనుకుంది. "అంచు మీద తడి తగలనీయకు, మధ్యలో పెట్టు," అని దొరబాబు పెద్దరికంగా చెప్పాడు. ఆమె అలాగే పసుపు రాసి కుంకుమ పెట్టింది. బొట్టు పెట్టిన ముఖాన్ని ఎవరైనా వెనక్కి తిప్పుతారా? దొరబాబు దాన్ని రోడ్డుకు ఎదురుగా, అంటే ఇంజను వైపుకు తిప్పి, దండం పెట్టి మరీ బిగించాడు.

గురువారం తెల్లవారేసరికి లారీలో మొక్కలు సర్దేశారు. కొబ్బరికాయ కొట్టారు. దొరబాబు ఇంజను స్టార్ట్ చేసి, క్లచ్ తొక్కి, గేరు వేశాడు. గర్ర్‌మని వీధంతా మారుమోగింది. గేరు పడలేదు.

"కొత్తది కదా. కొత్త కోడలు వచ్చీరాగానే పని అందుకుంటుందా?" అన్నాడు. కాసేపు ఆగి చూశాడు. కోడలు అందుకోలేదు. పెడల్ కింద కడ్డీని బిగించి చూశాడు, వదులు చేసి చూశాడు. ఇంజను ఆపితే గేరు వెన్నలో కత్తిలా దిగుతోంది, నడుస్తుంటే పడటం లేదు. ఆఖరికి గేరు ముందే వేసి, క్లచ్ పూర్తిగా తొక్కిపట్టి, తాళం తిప్పాడు. లారీ ఒక్క గెంతు గెంతి గులాబీ కుండీల వరస మీద పడింది. క్లచ్ తొక్కినా ఇంజను గేర్లను వదలడం లేదన్నమాట.

ఎండ ముదిరింది. లోవమ్మ లారీ మీదికెక్కి అంట్ల మీద తడి గోనెలు కప్పుతోంది. లేత చిగుళ్ళు అప్పుడే తలలు వాల్చాయి. ఆమెకు ఏడుపొస్తోంది, కోపమూ వస్తోంది. అయినా మెల్లగానే అడిగింది.

"ఏవండీ, అంటు కట్టేటప్పుడు పుల్లకి పైనా కిందా చూసుకుంటాం. తలకిందులుగా కడితే పట్టదు. ఆ ప్లేటుకి ఇటూ అటూ అని ఏమన్నా ఉందాండీ?"

"ప్లేటుకి ఇటేంటి, అటేంటి!" అని నవ్వబోయిన దొరబాబు సగంలో ఆగిపోయాడు. అబ్రహాము బిగించే ముందు ప్రతిసారీ ప్లేటును అటూ ఇటూ తిప్పి చూసేవాడు. కొత్త వస్తువు కదా, ముచ్చటపడుతున్నాడనుకున్నాడు దొరబాబు. ఏ వైపు ఎటు రావాలో చూసుకునేవాడని ఇప్పుడు వెలిగింది.

మళ్ళీ జాకీలు, మళ్ళీ గొలుసులు. గేర్‌బాక్సు దించి చూస్తే పువ్వు వైపు ఇంజనుకు ఒరుసుకుని గీతలు పడి ఉంది. అదృష్టం, ప్లేటు పాడవలేదు. ఈసారి బొట్టు వెనక్కి తిప్పి బిగించాడు. గేరు కిమ్మనకుండా పడింది గానీ అప్పటికే పొద్దు వాలిపోయింది. బూత్‌కు వెళ్ళి కాలేజీకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

శుక్రవారం కోడి కూయకముందే బయల్దేరారు. అన్నవరం కొండ కింద లోవమ్మ మొక్కుకుంది. తుని దాటాక నోరు విప్పింది.

"టైరు పంచరైందని నేను చెబుతాను. మీరేం మాట్లాడకండి. పరాయివాళ్ళ ముందు మీరు చిన్నబోవడం నేను చూడలేను."

దొరబాబు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా గేరు మార్చాడు.

కాలేజీ గేటు దగ్గర సత్యప్రసాద్ గారు స్కూటరు మీద బయల్దేరబోతున్నారు. "నిన్న రావాల్సిన మొక్కలు ఇవాళ తెస్తే ఎలాగండీ? వేరేవాళ్ళకి చెప్పడానికే వెళ్తున్నాను," అన్నారు.

లోవమ్మ నోరు తెరిచేలోగా దొరబాబు కిందికి దూకాడు. "తప్పు నాదండి. మెకానిక్కుని పిలవమని ఆవిడ చెప్పిందండి, నేనే వినలేదు. క్లచ్ ప్లేటు తిరగేసి బిగించేశాను. కోపం నా మీద చూపించండి గానీ మొక్కల్ని వెనక్కి పంపకండి. రెండేళ్ళు కళ్ళల్లో వత్తులేసుకుని పెంచిందండి."

ఇన్నేళ్ళ కాపురంలో అతని నోట తప్పు అన్న మాట లోవమ్మ వినలేదు. పంచరు మాట మరిచేపోయింది. "బొట్టు పెట్టింది నేనండి," అంది గబగబా.

"క్లచ్‌కి బొట్టేంటమ్మా?" అన్నారాయన అయోమయంగా. ఆయన లారీ మీదికెక్కి, గోనె ఎత్తి, అంట్లు కట్టిన చోట వేలితో తడిమి చూశారు. మొదళ్ళ దగ్గర మట్టి తడిగానే ఉంది. చిగుళ్ళు మళ్ళీ లేచాయి.

"నిలబడ్డారేంటి మరి? గోతులు తవ్వి ఉన్నాయి, దింపండి."

"ఆయ్, ఇప్పుడే దింపేస్తానండి," అంటూ దొరబాబు చేతులు చాచాడు.

"మీరు ముట్టుకోకండి, కొమ్మలు విరిచేస్తారు," అంది లోవమ్మ పమిటతో కళ్ళు తుడుచుకుంటూ. అతను చేతులు కట్టుకుని బుద్ధిగా పక్కన నిలబడ్డాడు. మొదటి అంటు మాత్రం ఆమె కిందికి తెచ్చి అతని చేతుల్లోనే పెట్టింది.