అల్లుడుగారు బిగించిన రెక్కలు

మా అత్తవారిది కాకినాడ. ఇనుప సామాను కొట్టు. మేకులు అమ్ముకునే ఇల్లు, మాటలు కూడా మేకుల్లాగే ఉంటాయి జాగ్రత్త అని పెళ్ళికి ముందే ఎవరో నన్ను హెచ్చరించారు. నిజమే. కాకపోతే ఆ మేకులన్నీ వాళ్ళలో వాళ్ళే దిగ్గొట్టుకునేవారు. నా దాకా ఒక్కటీ వచ్చేది కాదు.

నాది జంగారెడ్డిగూడెం దగ్గర మెట్ట ఊరు. పెళ్ళయిన కొత్తలో తునిలో ఒక కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. సెలవు దొరికితే చాలు, రైలెక్కి సామర్లకోటలో దిగి, బస్సు పట్టుకుని అత్తారింట్లో వాలిపోయేవాణ్ణి. అల్లుడు అంత తరచుగా వెళ్తే పరువు ఉండదని మా నాన్న గొణిగేవాడు. పరువు ఎవడికి కావాలి? నేను వెళ్ళేది అక్కడి నవ్వుల కోసం. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్నా నేనూ ఎదురెదురుగా కూర్చుని, మాటా పలుకూ లేకుండా అన్నం తిని లేచిన ఇల్లు మాది. అలాంటి ఇంట్లోంచి వచ్చినవాడికి మా అత్తారిల్లు తిరునాళ్ళలా ఉండేది.

ఒక్కటే చిక్కు. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే ఆ సందడంతా ఆగిపోయేది.

వీధిలో ఉండగానే లోపలి నుంచి మావగారి గొంతు వినపడేది. "మావోడు మూడేళ్ళ డిగ్రీ మూడేళ్ళకే అవగొట్టేత్తే కాలేజీవోళ్ళు బెంగెట్టుకుంటారని ఐదేళ్ళు చదివాడు." వెంటనే అత్తగారు అందుకునేవారు. "మరి తవరో? మన గోడకి తవరు మేకు కొడితే, అటేపు పక్కింటోళ్ళు ఫొటో తగిలించుకున్నారు." అందరూ పగలబడి నవ్వేవారు. నేను చెప్పులు విప్పేలోగా నిశ్శబ్దం. బావమరిది లేచి నిలబడి "రండి బావగారూ" అనేవాడు. మావగారు పంచె సర్దుకుని "దయచేయండి అల్లుడుగారూ, ఎండన పడి వచ్చారు" అనేవారు. అత్తగారు టేబుల్ ఫ్యాను నా వైపు తిప్పేవారు. అండి, గారు, ఆయ్ అనే ఈ మూడింటితో నన్ను కూడా గోడకి తగిలించేశారు. దండ ఒక్కటే తక్కువ.

"నన్ను కూడా ఏదో ఒకటి అనమని చెప్పవే మీవాళ్ళకి" అని మా ఆవిణ్ణి బతిమాలాను.

"అల్లుణ్ణి అంటారేంటండీ ఎవరైనా? కళ్ళు పోతాయి."

"పోనీ నువ్వైనా అను."

"ఏవనమంటారండీ?" అంది వినయంగా. నాకు ఒళ్ళు మండిపోయింది.

నేనూ ఊరుకోలేదు. ఓ ఆదివారం చొక్కా తిరగేసి తొడుక్కుని, కుట్లన్నీ బయటికి కనపడేలా హాల్లో పచార్లు చేశాను. అత్తగారు తేరిపార చూసి, "ఇప్పుడిలాగే వత్తన్నాయా బాబూ? బాగుందండి" అన్నారు. సాయంత్రానికి బావమరిది కూడా తన చొక్కా తిరగేసుకుని వచ్చాడు, నాకు తోడుగా ఉంటుందని. మావగారు వాణ్ణి ఉతికి ఆరేశారు. అదే తప్పు చేసిన నన్ను పల్లెత్తు మాట అనలేదు. కుళ్ళుకుని చచ్చాను.

ఇలా ఉండగా మేడ మీది వాటా ఖాళీ అయింది. సముద్రంలో గ్యాసు కోసం తవ్వుతున్న రోజులవి. ఆ పని మీద వచ్చిన విదేశీ ఇంజినీరొకాయన పైన అద్దెకుండేవాడు. వెళ్ళిపోతూ, అలల మీద నిలబడి జారే సర్ఫింగ్ బల్లలు రెండు మీరే ఉంచుకోండని మావగారి చేతిలో పెట్టి పోయాడు. ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. మావగారు వాటిని ఇస్త్రీ బల్లలనుకున్నారు. అత్తగారు పొడుగుదాన్ని డాబా మీద పెట్టి, గుడ్డ పరిచి వడియాలు పెట్టారు. కాళ్ళు జారకుండా బల్ల పైన రాసే కొబ్బరి వాసన మైనం ఒకటుంటుంది. అది ఎండకి కరిగి, ఆ యేడు మా వడియాలన్నీ కొబ్బరి వాసనేశాయి. ముందు వడ్డించింది నాకే. బాగున్నాయన్నాను. అల్లుడుగారు బాగున్నాయన్నాక ఇంకెవరూ నోరెత్తలేదు.

బల్లలతో పాటు ఒక జిప్పు సంచి కూడా వచ్చింది. అందులో రెక్కలు, అవి బిగించే అలెన్ కీ, ఎలా బిగించాలో చెప్పే కాగితం ఉన్నాయి. చేపకి ఉన్నట్టే ఈ బల్లలకీ రెక్కలుంటాయి, అడుగున, తోక వైపు. అవి లేకపోతే బల్ల నీళ్ళ మీద తిన్నగా పోదు, సబ్బుబిళ్ళలా పక్కకి జారుతుంది. ఊళ్ళు తిప్పేటప్పుడు విరగకుండా వాటిని ఊడదీసి దాచుకునే వీలు పెట్టారు. బల్లలు రెండు, ఊడదీసే పద్ధతులూ రెండు. వాటిని చూడగానే నాకు ఆశ పుట్టింది. వేషాలేస్తే ఎలాగూ నవ్వడం లేదు, కనీసం ఒక పని చేసి చూపించి ఈ ఇంటివాణ్ణనిపించుకుందాం అనుకున్నాను. "ఇవి నేను బిగిస్తాను" అన్నాను.

"తవరికెందుకండీ శ్రమ" అన్నారు మావగారు. బతిమాలి ఒప్పించాను.

ముందు పొడుగు బల్ల పట్టాను. దాని అడుగున మధ్యగా జానెడు గాడి ఉంది. రెక్క కూడా ఒకటే. రెక్క మొదట్లో వెనక వైపు అడ్డంగా ఒక ఇత్తడి పుల్ల, ముందు వైపు ఒక బెజ్జం. గాడిలో ఒకచోట కాస్త వెడల్పు ఉంటుంది. అక్కడ చిటికెనవేలి గోరంత చదరపు బిళ్ళని జారవిడిచి ముందుకి తోయాలి. ఇత్తడి పుల్లని కూడా అక్కడే దించి, రెక్కని వెనక్కి జరిపి, ముందు భాగాన్ని గాడిలోకి వాల్చి, బెజ్జంలోంచి బిళ్ళలోకి స్క్రూ బిగించాలి. ఒక్క స్క్రూతో పని అయిపోతుంది. పైగా సైకిలు చైను వదులైతే వెనక చక్రం జరుపుకున్నట్టు, రెక్కని గాడిలో అటూ ఇటూ జరుపుకోవచ్చు. వెనక్కి జరిపితే బల్ల తిన్నగా పోతుంది, ముందుకి జరిపితే చటుక్కున మలుపు తిరుగుతుంది. సుఖమైన పద్ధతి. కాని ఆ బిళ్ళ లేకపోతే అంతా వృథా, సంచిలో చూస్తే ఆ బిళ్ళే లేదు. మావగారు కొట్లో ఉన్న నట్లన్నీ తెచ్చి పెట్టి చూసి, "ఈ సైజు మన దేశంలో పుట్టలేదండి" అని తేల్చారు. పొడుగు బల్ల మళ్ళీ వడియాలకి వెళ్ళిపోయింది.

పొట్టి బల్లకి మూడు రెక్కలు. అంచుల దగ్గర చెరొకటి, మధ్యన కాస్త వెనగ్గా ఇంకొకటి. ఒక్కో రెక్కకి అడుగున రెండు పళ్ళుంటాయి. బల్లలో ఆ పళ్ళకి సరిపడా గుంటలుంటాయి. పళ్ళు గుంటల్లో దించి, పక్కనున్న తల లేని బుల్లి స్క్రూలని అలెన్ కీతో బిగించాలి, పంటికొకటి చొప్పున. గాడి పద్ధతిలాగా ఇందులో జరుపుకోవడాలుండవు, పెట్టిన చోట పెట్టినట్టే ఉంటుంది. ఓపిక ఎక్కువ కావాలి. కాని ఏ రాయికో తగిలితే రెక్క పన్ను విరుగుతుంది తప్ప బల్లకి దెబ్బ తగలడం తక్కువ. మధ్య రెక్కకి రెండు వైపులా ఉబ్బు. పక్క రెక్కలు మాత్రం లోపలి వైపు చదును, బయటి వైపు ఉబ్బు. చదును లోపలికే ఉండాలన్న నియమం నేను తుచ తప్పకుండా పాటించాను.

మిగిలిన ప్రశ్న ఒక్కటే. రెక్క కొన ఎటు తిరిగి ఉండాలి? రెండు పళ్ళూ ఒకే కొలత కాబట్టి ఎటు తిప్పినా దిగుతుంది. సంచిలోని కాగితం మీద రెక్క బొమ్మ వేశారు గాని బల్ల బొమ్మ వేయలేదు. నేను మెట్ట రైతు కొడుకుని. నాగలి కర్రు ఎటు ఉంటుంది? ముందుకి. నేలని చీల్చాలంటే ముందుకే ఉండాలి. నీళ్ళని చీల్చాలన్నా అంతే కదా. మూడు కొనలూ ముందుకి తిప్పి, చెమటలు తుడుచుకుంటూ బిగించేశాను.

మావగారు బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. "అలాక్కూడా పెట్టొచ్చండి" అన్నారు.

"మరెలా పెట్టాలంటారు మావయ్యగారూ?"

"అబ్బే, తవరు పెట్టినట్టేనండి. అదో పద్ధతి."

బావమరిది ఏదో అనబోయాడు. మావగారు వాడి కాలు తొక్కడం చూశాను గాని, పొరపాటున తగిలిందనుకున్నాను.

కాసేపటికి అత్తగారు పళ్ళెంలో వంజరం చేపని తెచ్చి సరిగ్గా నా ముక్కు కింద పెట్టారు. దాని వీపు మీది రెక్కని తల వైపు నుంచి తోక వైపు వేలితో నిమిరారు. నేను చూస్తున్నానో లేదో గమనించి మళ్ళీ నిమిరారు. "చూశారా బాబూ, దేవుడు దీనికి రెక్కలెలా పెట్టాడో. ఎనక్కి వాల్చి."

"చాలా బాగుందండి" అన్నాను. "పులుసు పెట్టండి."

అత్తగారు నిట్టూర్చి చేపని తీసుకుని వెళ్ళిపోయారు. వంటింట్లో గుసగుసలు, ఆ తరవాత పక్కున ఒక నవ్వు, ఎవరో ఎవరిదో నోరు నొక్కేసిన చప్పుడు. ఆ నవ్వు నా మీదేనని తెలిసుంటే అక్కడికక్కడే గంతులేసేవాణ్ణి. తెలియక కూర్చుని పులుసన్నం తిన్నాను.

మర్నాడు పొద్దున్నే కొట్టు సరుకు తెచ్చే ట్రాలీ ఆటోలో బల్లని వేసుకుని అందరం ఉప్పాడ తీరం వైపు బయల్దేరాం. దారి పొడుగునా మావగారు ఆపాలనే చూశారు. "సముద్రానికి ఓసారి చూపించి, కొబ్బరికాయ కొట్టుకుని వచ్చేద్దావండి" అన్నారు. నాకు ఈత రాదు. మెట్టలో ఈత నేర్చుకోవాలంటే ముందు నీళ్ళు దొరకాలి కదా. నడుము లోతు దాటనని మా ఆవిడకి మాటిచ్చి దిగాను.

బల్ల మీద బోర్లా పడుకున్నాను. వెనక నుంచి ఓ మోస్తరు అల వచ్చి నెట్టింది. బల్ల ఒడ్డు వైపు దూసుకుపోవాలి. పోలేదు. నా రెక్కలు సముద్రాన్ని దున్నడానికి పూనుకున్నాయి. తోక పక్కకి తిరిగింది, దాంతో పాటు నేనూ తిరిగాను, ఒడ్డుని చూడాల్సిన ముఖం సముద్రం వైపు వచ్చింది, రెండో అల తిన్నగా నోట్లోకి వచ్చి పడింది. బల్ల ఒక పక్క, నేనొక పక్క. కాళ్ళ కింద ఇసక లాగేస్తోంది. నడుము లోతు నీళ్ళలో నిలువెత్తు మనిషి మునిగే వీలు లేదని లెక్కలు చెప్పేవాడిగా నాకు తెలుసు. ఆ సంగతి నీళ్ళకి తెలిసినట్టు లేదు. నిజంగా భయమేసింది.

అప్పుడు వినపడింది.

"ఒరేయ్! ఒరేయ్ ఎదవా! ఆ చెక్క వదిలేసి లెగరా! లెగరా నాయనా!"

మావగారు పంచె ఎగ్గట్టి నీళ్ళలోకి ఉరికొచ్చి, నా జుట్టు పట్టుకుని పైకి లేపారు. నిలబడ్డాను. నీళ్ళు నడుము దాకానే ఉన్నాయి. ఆయన నా ముఖం చూశారు. నా జుట్టులో ఉన్న తన చెయ్యి చూసుకున్నారు. నోటి వెంట వచ్చిన మాట అప్పుడు గుర్తొచ్చినట్టుంది. మా మధ్య నుంచి ఒక చిన్న అల వచ్చి పోయింది.

"...అండి" అన్నారు.

బావమరిది ఒడ్డున కూలబడి పొట్ట పట్టుకున్నాడు. అత్తగారు నవ్వారు. మా ఆవిడ ఏడుస్తూ నవ్వింది. ముక్కులోంచి ఉప్పునీళ్ళు కారుతుంటే నేనూ నవ్వాను.

ఒడ్డుకి రాగానే అత్తగారు కొంగుతో నా తల తుడవడం మొదలుపెట్టారు. "ఈత రానోడివి నీకెందుకయ్యా ఈ వేషాలు? రెక్కలు ఎనక్కుండాలని చేపని తెచ్చి మరీ చూపిత్తే పులుసెట్టమంటావా? బుర్రుందా నీకు?" అమ్మ పోయాక నా తల ఎవరూ తుడవలేదు. తిడుతూ తుడవడమైతే నాకసలు గుర్తే లేదు. తల ఆరిపోయాక కూడా ఆరలేదన్నట్టే వంచుకుని కూర్చున్నాను.

"తెలిసినప్పుడు నిన్ననే చెప్పొచ్చుగా?" అని మావగారిని అడిగాను.

"అల్లుడికెలా చెప్తాం? తప్పు కదా."

"ఇప్పుడు తిట్టారుగా."

"మునిగిపోయేవోడు అల్లుడేంటి? పిల్లోడు మునిగిపోతన్నాడనుకున్నాం గానీ."

నా జన్మ తరించిందనుకున్నాను. కాని గట్టిగా నాలుగు నిమిషాలు నిలవలేదు. మావగారు ఫ్లాస్కులోంచి కాఫీ పోసి, గ్లాసు రెండు చేతులతో అందించారు. "తీసుకోండి అల్లుడుగారూ." భయం తగ్గుతున్న కొద్దీ మర్యాద తిరిగొచ్చేస్తోంది. ఇంటికెళ్ళేసరికి మళ్ళీ నన్ను గోడెక్కించేస్తారు.

మావగారు బల్లని ఇసకలో బోర్లించి, జేబులోంచి అలెన్ కీ తీశారు. "స్క్రూలు మొత్తం ఊడదియ్యక్కర్లేదండి, రెండు చుట్లు వదులు చేత్తే చాలు" అంటూ రెక్కలు పీకి, కొనలు తోక వైపు తిప్పి, పళ్ళు అడుగు దాకా దిగేలా అరచేత్తో నొక్కారు. "మరీ బిగిత్తే గుంట చిట్లిపోద్దండి." మధ్య రెక్క దగ్గర ఒక స్క్రూ మాత్రం పూర్తిగా బయటికి వచ్చేసింది. దాన్ని నా చేతిలో పెట్టారు. "జాగర్తగా పట్టుకోండి. ఇసకలో పడిందంటే మరి దొరకదండి."

నేను ఆయన ముఖం వైపు చూశాను. "అయ్యో, పడిపోయిందండి" అన్నాను.

మావగారి దవడ కదిలింది. పెదవుల దాకా వచ్చిన మాటని ఆయన రెండుసార్లు మింగారు. మూడోసారి మింగలేకపోయారు.

"ఒరేయ్! ఒక్క స్క్రూ పట్టుకోడం రాదేంట్రా నీకు? పిల్లలకి లెక్కలెలా చెప్తన్నావురా?"

"మెట్టోళ్ళ చేతులు నాన్నా, పొగాకు తప్ప ఏదీ నిలవదు" అన్నాడు బావమరిది.

"చొక్కా తొడుక్కోడవే రాదు, స్క్రూ ఏం పట్టుకుంటాడు!" అన్నారు అత్తగారు.

"ఈయన్ని చేసుకోమన్నది మీరే కదా" అంది మా ఆవిడ.

నలుగురూ మోకాళ్ళ మీద కూర్చుని, వంతులేసుకుని నన్ను తిడుతూ ఇసకంతా వేళ్ళతో జల్లెడ పట్టసాగారు. నేనూ వాళ్ళ మధ్య కూర్చుని ఒంటి చేత్తో వెతికాను. స్క్రూ రెండో చేతి గుప్పిట్లో ఉంది.